పెన్‌లాన్ పొయ్యిలో నిప్పు

పొద్దు వాలాక పెన్‌లాన్ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. పాల ట్యాంకరు నడిపే మొనగాడు కూడా ఆ మలుపు దగ్గరకొచ్చేసరికి కిటికీ అద్దం పైకెత్తేసుకుంటాడు. ఏమయ్యా అంటే చలి అంటాడు. చలీ లేదు గిలీ లేదు... భయం.

ఇప్పుడా ఇంటి గోడకి ఓ ఇత్తడి పలక కూడా ఉంది లెండి. కౌంటీ మొత్తంలో చక్కగా కాపాడిన పాత ఇల్లట. ఆ పలక పక్కన నిలబడి డిల్విన్ ఫొటో దిగితే పేపర్లో వేశారు. ఆ మొహం చూశారా మీరు? బహుమతి అందుకున్నవాడి మొహంలా ఉందా అది?

ఈ కథ డిల్విన్ నోటితోనే విన్నాను. నా వంటింట్లో కూర్చుని, నా టీ తాగుతూ చెప్పాడు. ముందు విన్నది విన్నట్టు చెప్తాను. నాకు తెలిసింది తర్వాత చెప్తాను.

మా పడమటి వేల్స్ కొండల్లో ఇంటిపేరంటే నిజంగా ఇంటి పేరే. పెన్‌లాన్‌లో ఉండేది కాబట్టి ఆమె పెన్‌లాన్ మోర్విద్. ఊరందరికీ అత్తే, డిల్విన్‌కి మాత్రం సొంత మేనత్త. నేను వాడికి ఊరి వరసకి పిన్నిని. పెళ్ళి చేసుకోలేదు. గొర్రెలు, ఇల్లు, పొయ్యి... అదే ఆమె సంసారం.

పొయ్యంటే మీరనుకునే పొయ్యి కాదు. పొగగూడే ఓ గదంత ఉంటుంది. లోపల అటొక రాతి అరుగు, ఇటొక రాతి అరుగు. ఎడమ అరుగు మోర్విద్ అత్తది. దాని మీద ఇంకెవరూ కూర్చోకూడదు — ఆమె ఒళ్ళో కూర్చునే పిల్లలు తప్ప. పెన్‌లాన్‌కి దిగువనున్న ఇల్లే మా పుట్టిల్లు. తల్లి లేని పిల్లనని చలికాలమంతా నన్ను ఆ ఒళ్ళోనే పెట్టుకు కూర్చునేది.

బొగ్గుపొడి, బంకమన్ను కలిపి తడిపి, చేత్తో ముద్దలు పట్టి, పడుకోబోయే ముందు నిప్పు మీద కప్పుతాం. ఊపిరాడ్డానికి నడుమ ఓ కన్ను వదుల్తాం. పొద్దున్నే కదిపితే నిప్పు లేస్తుంది. పిల్లకి పెళ్ళయితే పుట్టింటి పొయ్యిలోంచి కాస్త నిప్పు మోసుకెళ్ళి అత్తింటి పొయ్యిలో వేస్తాం. పెన్‌లాన్ నిప్పు అత్త ముత్తవ్వ నాటి నుంచీ ఆరలేదు. ఆరితే ఇంటి ఉసురు పోయినట్టే అనేది అత్త.

చట్టం కాపలా కాసే పాత ఇళ్ళలో పెన్‌లాన్ ఒకటి. రాయి కదపాలన్నా, మేకు కొట్టాలన్నా కౌంటీ ఆఫీసు వాళ్ళని అడగాలి. నా పళ్ళన్నీ ఊడితే పలకరించిన వాడు లేడు, కిటికీ రెక్క ఊడితే మాత్రం కారేసుకుని వచ్చారు అని అత్త తిట్టుకునేది. లోపల్లోపల మాత్రం మహా గర్వం.

డిల్విన్ ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. ఆ కొండ మీంచి సముద్రం కనపడుతుంది. సెలవులకొచ్చే పట్నం వాళ్ళ కోసం అక్కడ వరసగా కొత్త ఇళ్ళు లేపాలని వాడి ఆశ. అడ్డం ఒక్క పెన్‌లాన్. కూలిస్తే జైలు. కానీ దానంతటది కూలితే? గాలిని బోనెక్కించరు గదా.

ఇలా ఉండగా అత్త జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వాడు పట్నంలో వృద్ధాశ్రమంలో చేర్పించాడు. గుమ్మం దాటుతూ ఆమె అడిగింది ఒక్కటే. నిప్పు చూసుకోరా, నేనొచ్చేదాకా. చూసుకుంటానత్తా అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళి బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు.

అక్కణ్ణుంచి గాలి గట్టిగా వీచినప్పుడల్లా నిచ్చెనేసుకుని ఎక్కడం, కప్పు మీది పలకరాళ్ళు నాలుగు పీకి కింద పడెయ్యడం. పని వాడిది, పేరు గాలిది. వాన లోపలికి దిగింది. సున్నం గోడలు ఉబ్బి, పెళ్ళలు పెళ్ళలుగా రాలాయి. నూరేళ్ళ నిప్పు కాగిన ఇల్లు రెండు శీతాకాలాల్లో చీకిపోయింది.

ప్రతి ఆదివారం ఆశ్రమంలో అత్త అదే అడిగేది. డిల్విన్, నిప్పు బతికే ఉందా?

బతికే ఉందత్తా. కళ్ళలో కళ్ళు పెట్టి మరీ చెప్పేవాడు.

నవంబరు చివర్లో అత్త పోయింది. ఆ వెంటనే, ఫలానా సోమవారం ఇల్లు చూడ్డానికి వస్తున్నామని కౌంటీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. డిల్విన్‌కి కాలు నిలవలేదు. నడిమి దూలానికి పోటుగా అత్త కాలంలో పెట్టిన గుంజ ఒకటుంది. దాన్ని తన్నేస్తే దూలం పడుతుంది, దూలంతో పాటు కప్పు పడుతుంది, ఇక కాపాడ్డానికి ఏమీ మిగలదు. ఆదివారం గాలివాన అని రేడియో చెప్పింది. ఇంకేం, అదను దొరికింది.

డిసెంబర్లో మా దగ్గర టీ వేళకే కళ్ళు పొడుచుకున్నా కానరాదు. డిల్విన్ వ్యాను గేటు దగ్గరే ఆపి, దీపాలు ఆర్పి, గునపం భుజాన వేసుకుని నడిచాడు. వాన మొహాన కొడుతోంది. గాలి రోద. వాకిట్లో వాడు పీకి పారేసిన పలకరాళ్ళే కాలి కింద పటపటమన్నాయి.

తలుపు తోశాడు.

వెచ్చగా తగిలింది.

రెండేళ్ళుగా బూజు కంపు కొడుతున్న ఇల్లు... వెచ్చగా. బొగ్గు పొగ వాసన. లోపల చిమ్మచీకటి — ఆ చీకట్లో, పొయ్యి దగ్గర, ఓ ఎర్రటి కన్ను.

ఎవరది, అన్నాడు. దగ్గరకెళ్ళి వంగి చూశాడు. కొత్త ముద్దలు... ఇంకా తడి ఆరలేదు. ప్రతి ముద్ద మీదా వేళ్ళ నొక్కులు, అత్త పట్టినట్టే. నడుమ కన్ను కూడా అత్త పెట్టినట్టే, కాస్త ఎడమకి.

ఊళ్ళో ఎవరో నాతో ఆడుతున్నారనుకున్నాను పిన్నీ, అన్నాడు నాతో. భయం కంటే ముందు కోపమొచ్చిందట. కప్పు కారే చోట, వాడు అప్పుడు వదిలేసిన బకెట్టు నిండి ఉంది. ఎత్తి, మొత్తం నిప్పు మీద కుమ్మరించాడు. బుస్సుమంది. ఆవిరి మొహాన కొట్టింది. కన్ను ఆరిపోయింది. అప్పుడు గునపం తీసుకుని గుంజ వైపు తిరిగాడు...

ఆ ఆవిరి లోంచి, ఎడమవైపు నుంచి, ఎవరో గుసగుసగా —

"డిల్విన్... నిప్పు బతికే ఉందా?"

అలవాటు చెడ్డది. ఎన్ని ఆదివారాల అలవాటు! మెదడు వద్దన్నా నోరు అనేసింది.

"బతికే ఉందత్తా."

అంతే... గాలి కూడా ఆగినట్టయిందట. వాడి కళ్ళ ముందే, నీళ్ళు కారుతున్న ఆ ముద్దల నడుమ — ఎర్రటి కన్ను మెల్లగా మళ్ళీ తెరుచుకుంది.

గునపం అక్కడే. మనిషి గుమ్మం బయట. వాకిట్లో వాడు పీకి పారేసిన పలకరాయి మీదే వాడి కాలు జారింది, చీలమండ రెండు ముక్కలు. గేటు దాకా వానలో పాక్కుంటూ వెళ్ళాడు. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, కర్రల మీద కుంటుకుంటూ తిరిగొచ్చాక మొట్టమొదట పెన్‌లాన్‌కే వెళ్ళాడు. నిప్పు అలాగే ఉందట. ముద్దలు మార్చి, కప్పి, కన్ను పెట్టి వచ్చాడు.

ఇక అప్పటి నుంచీ వాడి బతుకు అదే. ఎక్కడెక్కడో వెతికి పాత పలకరాళ్ళే తెచ్చి కప్పు వేశాడు. సిమెంటు ముట్టకుండా సున్నంతోనే గోడలు మెత్తాడు. కొత్త ఇళ్ళ ఊసే లేదు. పొద్దు వాలేసరికి ఎక్కడున్నా లేచి, కొండెక్కి నిప్పు కప్పాల్సిందే. భార్య పుట్టినరోజు నాడు కూడా కేకు కొయ్యకుండానే లేచిపోయాడట. అదీ ఆ ఇత్తడి పలక కథ.

ఇక నాకు తెలిసింది చెప్తాను.

అదంతా నేనే.

నా పెళ్ళికి, తల్లి లేదు గనక, మోర్విద్ అత్తే తన పొయ్యిలోంచి నిప్పు తీసి, వాగు దాటి మోసుకొచ్చి నా పొయ్యిలో వేసింది. నా ఇంట్లో ఇప్పటికీ మండుతున్నది పెన్‌లాన్ నిప్పే. వాడు తల్లి నిప్పుని చంపాననుకున్నాడు, పక్కింట్లో బిడ్డ పెరుగుతోందని తెలీదు వెధవకి. ఈ కాలం వాళ్ళకి పొయ్యి అంటే గోడ మీద మీట. నిప్పుకీ చుట్టరికాలుంటాయని ఎవడు నేర్పాడు?

అత్త పోయే ముందు వారం ఆశ్రమానికెళ్ళాను. నా చెయ్యి పట్టుకుంది. మంచు ముక్కలా ఉన్నాయి ఆ వేళ్ళు. "ఎలినెడ్, నా నిప్పు చల్లారిపోయిందే," అంది. "వాడు ఉందంటాడు. నా చేతులకి తెలియదా?" కాదని అబద్ధమాడలేక, అవునని చెప్పలేక ఆ వేళ్ళు నా చేతుల్లో రుద్దాను. ఆ కళ్ళు నేను మర్చిపోను.

చాపెల్‌లో అంత్యక్రియలయ్యాక, అందరం టీ తాగుతుంటే, డిల్విన్ తన మేస్త్రీతో అంటున్నాడు, ఆదివారం గాలివాన రానీ, పీడ వదిలిపోతుందని. ఆమె మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. వీడికి బుద్ధి చెప్పకపోతే నేను ఆ ఒళ్ళో పెరిగినదాన్నే కాదు అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం నా పొయ్యిలోంచి నిప్పు తీసి మూతున్న ఇనప కుండలో పెట్టుకున్నాను. ముద్దలు ఒక సంచిలో. ఈ మోకాళ్ళతో వాగు దాటి, కొండెక్కి, దొడ్డి తలుపున లోపలికెళ్ళాను. కాసేపు కూలబడి, ఆయాసం తీరాక నిప్పు సర్దాను, కప్పాను, కన్ను పెట్టాను. ముద్ద పట్టడం నాకు నేర్పిందే అత్త, అందుకే ఆ వేళ్ళ నొక్కులు. మళ్ళీ ఎడమ అరుగు మీదికి చేరి కూర్చున్నాను. పొగగూటి లోపలి చీకటి, పక్కనున్నా కనపడదు. వాడు కుమ్మరించిన నీళ్ళకి నా మేజోళ్ళు తడిసిపోయాయి కూడా. పైన తడిసినా లోపలి నిప్పు అంత తొందరగా చావదని నాకు తెలుసు. ఇక గొంతంటారా... గుసగుసకి గొంతెక్కడిది? ఎవరు గుసగుసలాడినా ఒకటే.

వాడు వాకిట్లో పడి అరుస్తుంటే విన్నాను. జాలి పడ్డానా? లేదు. ఇంటికొచ్చి, తడి మేజోళ్ళు మార్చుకుని, టీ పెట్టుకుని, సగం కప్పు తాగాక అప్పుడు అంబులెన్సుకి ఫోన్ చేశాను. దేవుడు అడిగితే దేవుడికే చెప్పుకుంటాను.

నేను వెళ్ళింది ఆ ఒక్కసారే. మళ్ళీ ఎక్కితే ఈ మోకాళ్ళు నన్ను దించవు. వాడు ఆసుపత్రి నుంచొచ్చేదాకా నిప్పు ఉందంటే, వాడి పనివాళ్ళెవరో చలికి రాజేసుకుని ఉంటారులే అనుకుని ఊరుకున్నాను.

మొన్న సాయంత్రం డిల్విన్ వచ్చాడు. చేతులనిండా బొగ్గు మసి. కూర్చుని, టీ కప్పు దగ్గరకి లాక్కున్నాడు.

"ఇంకా అడుగుతూనే ఉంది పిన్నీ," అన్నాడు మెల్లగా. "రోజూ. నిప్పు కప్పి లేచేటప్పుడు."

నీ పాపం నీ చెవిలో కూస్తోందిరా, కుయ్యనీ, అనుకున్నాను లోపల. పైకి మాత్రం ఎండుద్రాక్ష రొట్టెకి వెన్న రాసి చేతికిచ్చాను. ఏమంటావు నువ్వు, అని అడిగాను.

"బతికే ఉందత్తా అంటాను. నిజమే కదా ఇప్పుడు." రొట్టె తుంచాడు, తినలేదు. "నిన్న ఇంకో మాట అంది. నీ గురించి."

"నా గురించేంటి?"

"నాకూ అర్థం కాలేదు. ఎలినెడ్ ఒళ్ళు చేసిందిరా అంది. చిన్నప్పుడు దూదిపింజలా ఉండేది, ఆమధ్య కూర్చుంటే నా కాళ్ళు తిమ్మిరెక్కాయి అంది." తలెత్తి నా మొహంలోకి చూశాడు. "ఎప్పుడు కూర్చున్నావు పిన్నీ?"

టీ కప్పు కింద పెట్టాను.

ఆ రోజు కొండెక్కి, ఆయాసంతో ముందు కూలబడింది ఆ ఎడమ అరుగు మీదే. రెండు శీతాకాలాల వానలో నానిన రాయి... నేను కూర్చునేసరికి వెచ్చగా ఉంది. మెత్తగా కూడా ఉంది. హాయిగా వెనక్కి వాలాను కూడా.

కుండ అప్పటికి నా చేతుల్లోనే ఉంది. మూత నేనింకా తియ్యనే లేదు.