వెనక చక్రాల మధ్య

జగదీష్ కాపలా కాసే చెక్‌పోస్టులో వాళ్ల బావమరిది కారుకి గేటు దానంతటదే లేస్తాదట!

పక్కింటి సత్యకుమారి కుళాయి దగ్గర అన్న మాట. భార్య జయశ్రీ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది.

అప్పట్నుంచీ హెడ్ కానిస్టేబుల్ జగదీష్ చెవులు కాలుతున్నాయి.

చీకటి పడుతోంది. అరకు ఘాట్ రోడ్డు మీదికి మంచు దిగుతోంది. మలుపులో రెండు హెడ్‌లైట్లు... వేగంగా!

"గేటు దించు మల్లేశూ! బేగి!" గేటు దగ్గరి కానిస్టేబుల్‌కి కేకేస్తాడు.

బ్రేకులు కీచుమంటాయి. తెల్ల హ్యాచ్‌బ్యాక్... గేటుకి బెత్తెడు దూరంలో ఆగుతుంది.

బావమరిది దేవీప్రసాదే!

"ఏటి బావా, నన్నే ఆపుతన్నావా?"

"డిక్కీ తియ్యి."

ఖాళీ! జగదీష్‌కి ప్రాణం లేచొస్తుంది. ఇక సత్యకుమారి నోరు మూయించొచ్చు.

రోడ్డు పక్కన అదే మోడల్ కారు ఇంకోటి ఉంది. కాఫీ రైతు సుక్రుది. వెనక కుంగిందన్న అనుమానంతో జగదీషే ఆపాడు. సుక్రుని కారు కిందికి దూర్చి టార్చి పట్టించాడు. బస్తాలు కోయించాడు. దొరికింది కాఫీ గింజలే. సుక్రు, పెళ్లాం సోములమ్మ ఇంకా బురదలోంచి ఏరుకుంటూనే ఉన్నారు.

ఆ కారు కింద వెనక చక్రాలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒకే ఇనప బీమ్ కనిపించింది.

బావమరిది కారు కింద టార్చి వేస్తాడు.

బీమ్ లేదు!

నున్నటి రేకు. అంతే.

"నాది టాప్ మోడల్ బావా. ఏ చక్రం సస్పెన్షన్ దానిదే. అడ్డ బీమ్ ఉండదు." దేవీప్రసాద్ నవ్వుతాడు. అడగకముందే వచ్చిన జవాబు.

నిజమైతే బాగుండు...

"రివర్స్ తియ్యి. వెనక ఎడం చక్రం ఆ రాయి మీదికెక్కాల."

"ఎందుకు?"

"ఎక్కించు!"

జగదీష్ తడి రోడ్డు మీద బోర్లా పడుకుంటాడు. చూపంతా కుడి చక్రం మీదే. దేని సస్పెన్షన్ దానిదైతే ఇది కదలకూడదు.

ఎడం చక్రం రాయెక్కింది.

కుడి చక్రం... ఒరిగింది!

బీమ్ ఉంది! రేకు చాటున ఉంది. మరి ఆ చాటున ఇంకేముంది?

లాఠీ దూర్చి రేకు అంచు పెకిలిస్తాడు. గుప్పుమంటుంది... గంజాయి!

జగదీష్ లేస్తాడు. చెయ్యి విజిల్ మీదికి పోతుంది.

"ఊదు బావా." దేవీప్రసాద్ గొంతు తగ్గించాడు. "బండి మా అక్క పేరు మీదుంది, నీ పెళ్లాం పేరు మీద. ఏటని అడక్కుండానే సంతకం పెట్టేసింది. ముందు బేడీలు ఎవరికేస్తావు?"

విజిల్ పెదాల దాకా వచ్చి ఆగిపోతుంది.

చెవుల్లో మంట మెడ దాకా పాకుతుంది. ఒంటి మీద ఖాకీ బరువెక్కుతుంది. ఎవరి మొహంలోకీ చూడలేడు.

"మల్లేశూ..." విజిల్ జేబులో వేసేస్తాడు. "గేటెత్తు."

మల్లేశు తాడు పట్టుకుంటాడు. లాగడు.

బురద చేతులతో సోములమ్మ లేచి నిలబడుతుంది.

"మా బస్తాలు ఇప్పించినావు గదా సారూ. ఈ కారుది ఇప్పవేటి?"