విడిదింటి గంట

మండపం వాచ్‌మేన్ రాజమాణిక్కం వచ్చేసరికి డిటెక్టివ్ ఆదిమూలం ఆఫీసు ఫ్యాను కింద కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన అలాగే ఆలోచిస్తాడని అసిస్టెంటు దేవిప్రియ గట్టి నమ్మకం. గురక కూడా ఆలోచనలో భాగమేనని వచ్చినవాళ్ళకు చెప్పేది.

రాజమాణిక్కం కూర్చోలేదు. "గంట పోయింది సార్. ఆదివారం ప్రార్థనకు లోపల దొరక్కుంటే నన్ను పొమ్మన్నారు. నేను పుట్టిందే ఆ కాంపౌండులో. ఇంక యాడికి పోయేది?"

ధర్మపురిలో ఆ కట్టడం ఎరగనివాళ్ళు లేరు. దొరల కాలంలో ఆసుపత్రి, తర్వాత చింతపండు గోడౌను, ఆ తర్వాత పట్టుగూళ్ళ సంత. ఇప్పుడు సౌభాగ్యం లీజుకు నడుపుతున్న కల్యాణ మండపం. దాన్ని ఆనుకున్న చిన్న చర్చికే రెండు ఉద్యోగాలు. పెళ్ళిళ్ళప్పుడు మగపెళ్ళివారికి విడిది, నెలకో ఆదివారం నాలుగు పాత కుటుంబాలకు ప్రార్థనాలయం. ఆ ప్రార్థనకు కొట్టే చేతిగంట గోడగూట్లో ఉండేది. మండపంలో చిత్ర అనే అమ్మాయి పెళ్ళి అయిన మర్నాడు చూస్తే లేదు.

ఆదిమూలం, దేవిప్రియ మండపానికి వెళ్ళేసరికే సౌభాగ్యం తీర్పు చెప్పేసింది. విడిది తాళంచెవి ఉన్నవాడు రాజమాణిక్కం ఒక్కడేనని, అందుకే లాగేసుకున్నానని నడుముకు దోపుకున్న తాళంచెవిని తట్టి చూపింది. గూట్లో గంటకు బదులు ఎండిన తమలపాకులు, వక్క, పసుపుకొమ్ము ఉన్నాయి. చేతబడి అనుకుని ఎవరూ ముట్టుకోలేదట. కింద ఇత్తడి దీపాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

వంటాయన బాధ వేరు. పెళ్ళివారు బయల్దేరే వేళకు ఒక దొంతర పూర్ణం ఒబ్బట్లు మాయమైనాయని, తినేవాళ్ళు విస్తరి ముందు కూర్చుని తినొచ్చు కదా అని వాపోయాడు. దేవిప్రియ ఆయన పక్షాన నొచ్చుకుంది. ఆదిమూలం మాత్రం సంతోషంగా తలూపి, ఎవరికో ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు.

ఆదివారం ప్రార్థనకు ముందే అందరినీ చర్చిలో కూర్చోబెట్టాడు. రాజమాణిక్కం, సౌభాగ్యం, చిత్ర తండ్రి బాలాజి, ఫోన్ చేసి మారండహళ్ళి నుంచి పిలిపించిన పెళ్ళికొడుకు నాయనమ్మ మాదమ్మ. ఆమె ఒళ్ళో సంచీని ఎవరు అడిగినా కింద పెట్టలేదు.

"దొంగ తాంబూలం పెట్టి పోతాడా?" అన్నాడు ఆదిమూలం. "ఇత్తడి దీపాలు వదిలేసి గంట తీస్తాడా? ఆ దినం ఈ గదిలో ఉండింది మగపెళ్ళివాళ్ళే. అంతమంది మధ్య గంట మోగకుండా పోవాలంటే దాని నోరు మూయాల. అందుకే ఒబ్బట్లు. ఇంక మాదమ్మే చెప్పాల."

మాదమ్మ ఏమాత్రం తడబడలేదు. వాళ్ళ వంశంలో కోడలి పుట్టింటి నుంచి ఒక వస్తువు చెప్పకుండా తెచ్చుకోవాలట. బదులుగా తాంబూలం పెట్టాలి. పుట్టింటివాళ్ళు తాంబూలంతో వచ్చి అడిగితే తిరిగి ఇచ్చేస్తారు. అప్పుడే చుట్టరికం గట్టిపడుతుంది.

"ఈడ అంతా ప్లాస్టిక్ కుర్చీలు, అద్దె గిన్నెలు. ఇంటి వస్తువంటే అదొక్కటే కనిపించె," అంది. "అప్పుడినుంచి ఎదురుచూస్తా ఉండాను. ఒక్కరన్నా వచ్చినారా? ఇదేం మర్యాద?"

ఇల్లు తనది కాదని, ఒకరోజుకు అద్దెకు తీసుకున్నానని బాలాజి నసిగాడు. తనదీ కాదు, లీజు అంది సౌభాగ్యం.

"అయితే ఈ ఇంటివాళ్ళంటూ ఎవరూ లేరా?" అంది మాదమ్మ. ఇప్పటిదాకా ఉన్న కోపం ఆమె గొంతులో దిగులైంది.

ఆదిమూలం సిద్ధంగా ఉంచిన తాంబూలం పళ్ళెం తెచ్చి రాజమాణిక్కం చేతుల్లో పెట్టాడు. రాజమాణిక్కం పళ్ళెంతో మాదమ్మ ముందుకు నడిచాడు. ఆ ఇంటి గురించి అతన్ని అడిగినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

"మా ఇంటి గంట ఇచ్చేయమ్మా," అన్నాడు.

మాదమ్మ ముఖం విప్పారింది. "తీసుకోప్పా వియ్యంకుడా. ఇంత ఆలస్యమా రావడం?"

సంచీలోంచి గంట వచ్చింది, దానితో కొన్ని చీమలూ వచ్చాయి. రాజమాణిక్కం ఊపితే మోగలేదు. ఎండిపోయిన ఒబ్బట్టు వేలితో గీకి తీసి మళ్ళీ ఊపాడు. ఖంగున మోగింది. దేవిప్రియ పక్కకు తిరిగింది. చూస్తే ఆదిమూలం కళ్ళు మూసుకుని ఉన్నాడు, గురక మాత్రం లేదు.

వాకిట్లో ప్రార్థనవాళ్ళ చెప్పుల చప్పుడు వినిపించింది. సౌభాగ్యం ఎవరి ముఖమూ చూడకుండా నడుముకున్న తాళంచెవి తీసి పళ్ళెంలో పెట్టింది.

"రేపు పెళ్ళివాళ్ళు వస్తారు రాజమాణిక్కన్నా. విడిది నువ్వే తెరువు."