జనవరి పదిన కట్టిన నక్షత్రం

“తీసేశారు కదా! నేనొచ్చేలోపు తీసేశారు కదా! ఫోనులో మీ అందరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేశాను... ఒక్క ఏడాది, ఈ ఒక్క ఏడాది ఉంచండి అని! మీకు చేతులెలా వచ్చాయి?”

గుమ్మంలో, భుజాన బ్యాగు దించకుండానే అరిచింది ఆమె. మధ్యాహ్నం పన్నెండయింది. జనవరి పదో తారీఖు. ముందు గదిలో కిటికీ పక్క గోడ బోసిగా ఉంది. మేకు ఉంది, మేకుకి వేలాడాల్సిన కాగితపు నక్షత్రం లేదు. మూలన స్టూలుంది, దానిమీద ఉండాల్సిన మూడడుగుల క్రిస్మస్ చెట్టు లేదు. కూతురు అగ్గిపెట్టెలతో కట్టిందని ఫోనులో వినడమే తప్ప కంటితో చూడని బాలయేసు పశువుల పాక కూడా లేదు! చెట్టుండాల్సిన చోట, భర్త బాగుచేస్తున్న కుట్టుమిషను తల ఒకటి నూనె కారుతూ కూర్చుంది.

ఆమె చేసే పని ఏమిటో ఇక్కడే చెప్పాలి. చెప్పకపోతే ఈ ఏడుపు మీకు అతిగా కనిపిస్తుంది. పెద్ద పెద్ద దుకాణాలకి క్రిస్మస్ అలంకరణలు కట్టడం ఆమె పని. నవంబరు సగంలో కంపెనీవాళ్ళు పన్నెండు మందిని వ్యానెక్కించి ఊరూరా తిప్పుతారు. నాలుగంతస్తుల దుకాణాల్లో నిచ్చెనెక్కి గంటలూ, గోళాలూ, నక్షత్రాలూ కట్టాలి. తోటివాళ్ళు ఆమెని నిచ్చెనక్క అనే పిలుస్తారు, నేల మీద కంటే నిచ్చెన మీదే ఎక్కువసేపు ఉంటుందని! కట్టాక ఇంటికి పంపుతారా? పంపరు. ఇరవై నాలుగు, ఇరవై అయిదు తారీఖుల్లోనే జనం విరగబడతారు కదా! ఒక్క బల్బు ఆరినా ఎక్కాలి, ఒక్క గంట ఊడినా ఎక్కాలి. కొత్త సంవత్సరం వెళ్ళిన తరవాత మళ్ళీ అన్నీ విప్పి, తుడిచి, పెట్టెల్లో సర్దాలి. వైర్లు కోసి కోసి వేళ్ళ చివర్లు మొద్దుబారిపోతాయి. జుట్టులో పడ్డ మెరుపుపొడి ఫిబ్రవరి దాకా వదలదు. పండగంటే ఆమెకి మెడనొప్పి! ఏడేళ్ళుగా సొంత ఇంటి నక్షత్రాన్ని ఆమె ఫోనులో, అరచేయంత బొమ్మలో తప్ప చూడలేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చనిపోయిన మామగారు పెట్టింది. ఇరవై నాలుగు ఉదయం కట్టాలి, ఒకటో తారీఖు సాయంత్రం విప్పాలి. ఒకటి దాటి నక్షత్రం గోడన ఉందంటే అత్తగారికి ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది. ఈసారి ఆమె డిసెంబరులోనే ఫోను చేసి బతిమాలుకుంది. అత్తగారు “సరేలే అమ్మా, నువ్వొచ్చేదాకా ఉంచుతాం” అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇరవై రోజులు బతికింది!

“అది కాదే... ముందు కూర్చో, కాసిని మంచినీళ్ళు తాగు...” నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ భర్త దగ్గరికొచ్చాడు.

“ఆ నీళ్ళతో మాటిచ్చిన నోళ్ళు కడుక్కోండి!” ఆమె గిర్రున అత్తగారి వైపు తిరిగింది. “మీరేనా అత్తయ్యా? పక్కింటావిడ ఏమైనా అందా? మామయ్యగారి తారీఖు దాటిపోయిందని నిద్రపట్టలేదా? నేను పరాయిదాన్ననేగా...”

అత్తగారు ముసలి కళ్ళెత్తి చూసింది. “అంది. అనకుండా ఎందుకుంటుంది? ‘మీ ఇంట్లో డిసెంబరు ఇంకా అయిపోలేదా వదినా?’ అంది. ‘మా కోడలొచ్చాక అయిపోతుంది, నీకేం తొందర?’ అన్నాను. వీధంతా వినేట్టు అన్నాను! నేను తియ్యలేదమ్మా...”

“మరి మీరా?”

భర్త తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

వంటగది తలుపు చాటు నుంచి సన్నటి గొంతు... “నేనే అమ్మా...”

ఎనిమిదేళ్ళ కూతురు. ఒక్కచోట నిలవదని ఇంట్లో పిచ్చుక అంటారు. ఇప్పుడు తలుపుకి అతుక్కుపోయి నిలబడింది. “నిన్న నేనే తీశాను. నానమ్మ వద్దంది. నాన్న వద్దన్నాడు. ఏడ్చి ఏడ్చి ఒప్పించి, నేనే స్టూలెక్కి తీశాను...”

“ఎందుకే?” ఆమె గుమ్మంలోంచే అడిగింది. “అమ్మ చూస్తానందని తెలిసి కూడానా?”

“నువ్వే అన్నావుగా! ఆదివారం ఫోనులో... ‘చేతులు పడిపోతున్నాయి పిచ్చుకా, ఇంకొక్క నక్షత్రం విప్పమంటే ఏడ్చేస్తాను’ అని... మనింట్లో ఇంకొకటి ఉందిగా! నువ్వు రాగానే అది కూడా నువ్వే విప్పాలి కదా... ఏడుస్తావు కదా... అందుకని నేనే...” పిల్ల వెక్కుతూ లోపలికి పరిగెత్తి అట్టపెట్టె ఈడ్చుకొచ్చింది. “చూడు! వైరు అట్టముక్కకి చుట్టాను, నువ్వు చెప్పినట్టే... ఒక్క ముడి కూడా పడలేదు!”

ఆమె గుమ్మంలోనే కూలబడిపోయింది. బ్యాగు భుజం మీంచి జారిపోయింది. ఎవరి మీద అరవాలి ఇప్పుడు? దోషి ఎవరో దొరికారనుకుంటే, ఆ దోషి తన వేళ్ళని చూసి జాలిపడి, తన పని తగ్గిద్దామని తన కోరికనే విప్పి, మడతపెట్టి, పెట్టెలో సర్దేసిన పసిపిల్ల! కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని ఆమె ఏడ్చిన ఏడుపుకి పక్క వాటాలో కుక్కరు కూత కూడా వినపడలేదు.

ఆమె కోరిక ఎంతనుకున్నారు? డిసెంబరు ఇరవై సాయంత్రం నిచ్చెన మీది నుంచి కిందికి చూసింది. పెద్ద నక్షత్రం కింద బల్ల మీద ఎవరో ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల నిద్రపోయింది. ఆవిడ ఏ పనీ లేకుండా తలెత్తి నక్షత్రాన్ని చూస్తోంది... అంతే! నిచ్చెన మీద ఉన్నదానికి నక్షత్రం వీపే కనిపిస్తుంది, చదివే తల్లులారా! వైరూ, టేపూ, బల్బు హోల్డరూ కనిపిస్తాయి. వేల నక్షత్రాలు కట్టిన మనిషికి ఒక్క నక్షత్రాన్ని కింద కూర్చుని, ఒళ్ళో పిల్లనేసుకుని చూడాలనిపించింది. అంతకుమించి ఏమీ అడగలేదు ఆమె.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. “పోనీలే పిచ్చుకా. నువ్వు మంచి పనే చేశావు. ఇలా తే ఆ పెట్టె, నేనే కట్టుకుంటాను...” మిషను తల కింద పెట్టి స్టూలు గోడ దగ్గరికి జరిపింది.

“ఆగు!” అత్తగారి కేకకి కిటికీ అద్దం అదిరింది. “దానిమీద కాలు పెట్టావంటే నామీద ఒట్టే!”

“కోపం తెచ్చుకోకండి అత్తయ్యా... తారీఖు పది అని నాకూ తెలుసు. మామయ్యగారి పద్ధతి...”

“మీ మామయ్య పద్ధతి మనుషులంతా ఇంట్లో ఉన్న రోజుల్ది! ఆయన రోజూ సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండేవాడు. ఎవరికోసం ఎదురుచూడాలని ఒకటో తారీఖు పెట్టాడు? ఎవరూ రావాల్సిన పని లేదు కాబట్టి పెట్టాడు! ఏడేళ్ళు నేను గుడ్డిగా విప్పాను. నువ్వు కొని పంపిన నక్షత్రం నీకు చూపించకుండా విప్పాను... విప్పిన ప్రతిసారీ ఏదో తప్పు చేస్తున్నాననిపించేది. అది ఏమిటో ఈ పిల్ల ఏడుస్తుంటే నిన్న తెలిసింది నాకు!” ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుంది. “కూర్చో. ఆ బల్ల మీద కూర్చో. కట్టేది మేము. నువ్వు వేలు కదిపావో, చూడు!”

భర్త స్టూలెక్కాడు. అత్తగారు ఆ స్టూలు కాళ్ళు పట్టుకుంది. పిచ్చుక మేస్త్రీ అయింది.

“ఎడమకి నాన్నా! అయ్యో, నీ ఎడమ కాదు, గోడ ఎడమ!”

“గోడకి ఎడమేమిటే? దానికేమన్నా చేతులున్నాయా?”

“ఆ వైరు అలా లాగకండి, హోల్డరు ఊడి...” ఆమె సగం లేచింది.

“నోరు మూసుకుని కూర్చోండి నిచ్చెనక్కగారూ! ఇవాళ మీరు కస్టమరు!” అన్నాడు భర్త. ఆమెకి ఏడుపులోంచే నవ్వొచ్చింది.

స్విచ్చు వేశారు. నక్షత్రం వంకరగా ఉంది. ఒక కొన మడతపడిపోయింది. ఆమె కంపెనీలో ఇలా కడితే ఆ రోజే పనిలోంచి తీసేస్తారు! కూతురు ఒళ్ళో చేరింది. ఆమె తలెత్తింది. ఎర్రటి కాగితం వెనక వెలుగు... కళ్ళు నిండి మసకబారి ఒక నక్షత్రం నాలుగయింది. తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు ఆమె.

కిటికీలోంచి పక్కింటావిడ తొంగిచూసింది. “ఏంటి వదినా, మళ్ళీ కట్టారా!”

“మళ్ళీ కాదు. ఈ ఏడాదికి ఇదే మొదలు!” అంది అత్తగారు.

అప్పుడే ఫోను మోగింది. సూపర్‌వైజరు. ప్రేమికుల రోజుకి ఎర్ర హృదయాలు కట్టాలి, సోమవారం వ్యానెక్కాలి అన్నాడు. ఆమె విన్నది. కళ్ళు నక్షత్రం మీంచి తియ్యకుండానే జవాబిచ్చింది.

“ఎక్కుతాను సార్. కానీ ఒక మాట. ఈ డిసెంబరు ఇరవై నాలుగు, ఇరవై అయిదు నేను మా ఇంట్లో ఉంటాను. నేనొక్కదాన్నే కాదు, మా పన్నెండు మందీ. వంతులేసుకుంటామో, మీరే నిచ్చెనెక్కుతారో, ఇప్పటినుంచే ఆలోచించుకోండి. సోమవారం వ్యానులో అందరి చేతా సంతకాలు పెట్టిస్తాను. ఆ కాగితం మీరు తీసుకున్నాకే హృదయాలు కడతాం.”

ఆమె ఫోను పెట్టేసింది.

ఆమె అడిగింది. ఇక నేను అడుగుతున్నాను. అక్టోబరులోనే పండగని గాజు తలుపుల్లో వేలాడదీసే అయ్యలారా, దాన్ని కట్టే చేతులకి ఆ రెండు రోజులు ఇవ్వండి! దానం చెయ్యమనడం లేదు, కాగితం మీద రాసివ్వండి! ఇళ్ళల్లో ఉన్న తల్లులారా, నక్షత్రం ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు విప్పాలి అని క్యాలెండరు చూడకండి. ఇంటికి ఇంకా ఎవరు రాలేదో చూడండి. వాళ్ళు వచ్చి, కింద కూర్చుని, కడుపునిండా చూసేదాకా ఆ మేకు మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి!