బామ్మ కాలి పాయింట్లు

"నాలుగు వేల రెండొందలు! కొతోనెకి అందరూ చప్పట్లు కొట్టండి!" అన్నారు కోచ్ ఒబాతా సార్, టాబ్లెట్ పైకెత్తి.

కొతోనె తలెత్తలేదు.

జపాన్‌లో షిజుఒకా ఊరి ఆ ఫుట్‌బాల్ జట్టులో అమ్మాయిలందరికీ కాలికి కట్టుకునే చిన్న సెన్సర్ ఇచ్చారు. ఇంట్లో బంతిని ఎన్నిసార్లు తన్నితే అన్ని పాయింట్లు. వారంలో ఎక్కువ తెచ్చుకున్నవాళ్లకి ఆదివారం మ్యాచ్‌లో చేతికి కట్టుకునే కెప్టెన్ పట్టీ. కొతోనె మూడు రోజులు బాగానే తన్నింది. నాలుగో రోజు బద్ధకించి, సెన్సర్‌ని బామ్మ కాలికి కట్టేసింది. బామ్మ టీవీ చూస్తూ కాళ్లు పెట్టుకునే మసాజ్ మిషన్ గడగడ వణుకుతుంది.

"గంట కడుతున్నావేమిటే, నేనేమన్నా పిల్లినా?" అంది బామ్మ.

"కాసేపే బామ్మా, కదలకు!"

పాయింట్లు పాలు పొంగినట్టు పొంగాయి.

"రెండో స్థానం ఇజుమి" అన్నారు సార్. కొతోనె ప్రాణ స్నేహితురాలు ఇజుమి కుంటుతూ వచ్చింది. మడమ తోలు ఊడి ఎర్రగా ఉంది.

"నిన్ను దాటాలని తెల్లారకముందే లేచి తన్నానే. అయినా నావల్ల కాలేదు. ఎలా తన్నావే తల్లీ అంతలా!"

"ఈ కాలితో రేపు ఆడకూడదమ్మా" అన్నారు సార్. ఇజుమి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొతోనెకి సిగ్గుతో చచ్చినంత పనైంది.

ప్రాక్టీసు అయ్యాక మైదానం చదును చేసి, రోజూలాగే అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఆ రోజు చేసిన తప్పొకటి ఎవరికి వారే చెప్పుకోవాలి. కొతోనె ఎప్పుడూ "గట్టిగా అరవలేదు సార్" అని తప్పించుకునేది.

ఈసారి అలా తప్పించుకోలేకపోయింది. చివరికి ఎలాగో అంది.

"నా పాయింట్లు... నావి కావు సార్. మా బామ్మవి."

"మీ బామ్మ ఫుట్‌బాల్ ఆడుతుందా?" అని ఎవరో కిసుక్కుమన్నారు.

"మసాజ్ మిషన్‌లో కాళ్లు పెట్టుకుంది."

అందరూ పగలబడి నవ్వారు. ఇజుమి నవ్వలేదు. తన మడమ వంక చూసుకుంది.

సార్ తిట్టలేదు. కొతోనె పాయింట్లు సున్నా చేశారు. "పట్టీ ఇజుమిది. కానీ కట్టుకుని ఆడే యోగమే తనకి లేదు. రేపు నువ్వూ బెంచీ మీదే కూర్చో" అన్నారు.

దారంతా ఇజుమి బ్యాగు కొతోనే మోసింది. గేటు దగ్గర ఇజుమి బ్యాగు లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కొతోనె వాళ్ల పెరటి గోడకి బంతి తగులుతూనే ఉంది. "నా కాలికి కట్టవేమే?" అని పిలిచింది బామ్మ.

"నా కాలికే కట్టుకున్నాను బామ్మా."

మర్నాడు బెంచీ మీద ఇజుమి ఒళ్లో పట్టీ పెట్టుకుని కూర్చుంది. కొతోనె పక్కనే నిలబడిపోయింది.

"నిన్న ఎన్ని?" అంది ఇజుమి, కొతోనె వైపు చూడకుండానే.

"నూట ఎనభై."

"అంతేనా?"

"అంతే."

ఇజుమి కొంచెం జరిగి చోటిచ్చింది.