గంటంపావు దూరం

కళ్యాణమండపం గుమ్మంలో పన్నీరు చల్లేవాళ్ళ దగ్గరకంటే చేరువపలక ముందే ఎక్కువమంది మూగారు. పిలిచిన చుట్టాల్లో ఎవరు ఎక్కడున్నారో, ఎంతసేపట్లో రాగలరో చెప్పే పలక అది. అమరావతిలో ఇప్పుడది లేని ఇల్లు లేదు. పెళ్ళిళ్ళలోనైతే పురోహితుడి తరవాత దానికే పెద్దపీట. మేనత్త తెనాలిలో ఉంది, ఎనిమిది నిమిషాలు, బయలుదేరింది. బాబాయి బందరులో ఉన్నాడు, పదకొండు నిమిషాలు, బయలుదేరాడు. అన్నిటికంటే పైనున్న వరస మాత్రం తెల్లవారినప్పటి నుంచీ మారలేదు. "మేనమామ మురహరి. పోర్ట్ బ్లెయిర్. గంటంపావు. రాగలరు. బయలుదేరలేదు."

పెళ్ళికూతురి తల్లి మంగతాయారు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, చూడకూడదనుకుంటూనే ఆ వరస వైపు చూస్తోంది. లోపల గదిలో ఆమె కూతురు ధాత్రి తల వంచుకుని కూర్చుని ఉంది. పక్కనే కొత్త వెదురుగంప. ఆ గంపలో పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి మేనమామ పీటల దగ్గరికి మోసుకురావాలి. రైళ్ళు మారాయి, ఊళ్ళు మారాయి, ఈ గంప మాత్రం మారలేదు.

వియ్యపురాలు సుభాషిణి మంచి మనిషే. వెటకారం లేకుండానే అడిగింది, మీ తమ్ముడుగారికి ఒంట్లో బాగుందా అని. బాగానే ఉందని చెప్పింది మంగతాయారు. అయితే వచ్చేస్తారు లెండి, గంటంపావే కదా అని వెళ్ళిపోయింది సుభాషిణి. ఆ చివరి మాట మంగతాయారుకి చురుక్కున తగిలింది.

ఈ గంటంపావు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. విమానాలు ఆగిపోయిన తరానికి అండమాన్ అంటే ఓడ మీద మూడు రోజులు. మురహరి పగడపుతోటల శాఖలో ఉద్యోగం దొరికి అక్కడికి వెళ్ళిన కొత్తల్లో అక్కాతమ్ముళ్ళు మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఒకసారి కలుసుకునేవాళ్ళు. రేవులో ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చేవాళ్ళు. ఎవరింట్లో శుభకార్యమైనా రెండోవాళ్ళు రాలేకపోతే, "పాపం, సముద్రం అడ్డం కదా" అని లోకమే సర్దిచెప్పేది. తరవాత రాజధాని నుంచి బందరు దాకా నేల మీద, బందరు నుంచి సముద్రం అడుగున గాలి తీసేసిన గొట్టంలో శూన్యశకటం పరుగు మొదలైంది. దేశమంతా దీపాలు పెట్టారు. దూరం చచ్చిపోయిందని మంత్రులు ఉపన్యాసాలిచ్చారు. చచ్చిపోయినవాళ్ళ గురించి మంచి చెప్పుకోవడం మన ఆనవాయితీ గానీ, ఆ రోజు దూరం గురించి ఎవరూ ఒక్క మంచిమాట అనలేదు.

మొదటి ఏడాది ప్రతి ఆదివారం మురహరి అక్క ఇంట్లోనే తిన్నాడు. రెండో ఏడాది నెలకోసారి వచ్చాడు. దూరపు కొండలు నునుపంటారు, ఆ కొండలు దగ్గరికొచ్చాయి. ఆమె సాధింపు అతనికి తెలిసింది, అతని మతిమరుపు ఆమెకి తెలిసింది. అంతవరకూ ఫరవాలేదు. మురహరి భార్య నీరజకి ఆపరేషన్ జరిగిన రోజు మంగతాయారుకి సెలవే. ఒళ్ళు బద్ధకించి వెళ్ళలేదు, ఫోన్లో ధైర్యం చెప్పింది. ఓడల కాలంలో ఆ ఫోను చాలు, తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఇప్పుడు మాత్రం, "గంటంపావు కూడా రాలేకపోయావా అక్కా" అన్నాడు. ఆ తరవాత అతను ఆమె గృహప్రవేశానికి రాలేదు. బావగారి షష్టిపూర్తికీ రాలేదు. రానప్పుడల్లా పలక గుమ్మంలో నిలబడి, రాగలడనీ రాలేదనీ ఊరందరికీ చాటింది.

ఈ పెళ్ళికి ఆమే స్వయంగా వెళ్ళి పిలిచింది. తమ్ముడింటి గుమ్మంలో పలక అతను నాలుగు నిమిషాల దూరంలో ఉన్నాడని చూపించింది. ఆమె నీరజకి బొట్టు పెట్టి, బట్టలిచ్చి, కాఫీ తాగి, మళ్ళీ కాఫీ తాగి కూర్చుంది. ఆమె లేచి వచ్చేసేదాకా ఆ నాలుగు నిమిషాలు తరగలేదు.

ముహూర్తం దగ్గరపడింది. పురోహితుడు పెళ్ళికూతుర్ని తీసుకురమ్మని రెండోసారి పిలిచాడు. మగపెళ్ళివారిలో ఎవరో పెద్దాయన పలక ముందు నిలబడి పైవరస బిగ్గరగా చదివాడు. భర్త గోవర్ధన్ మంగతాయారు చెవిలో గొణిగాడు, మీ పెదనాన్న కొడుకు చలపతి ఉన్నాడు కదా, తమ్ముడి వరసే, వాడు మోస్తాడులే అని. మోయడానికి చలపతికి బలం లేక కాదు. సొంత మేనమామ గంటంపావు దూరంలో కూర్చుని రానన్నాడని తెలిశాక ఆ పిల్ల ఏ మొహంతో అత్తింట్లో అడుగు పెడుతుంది? అంతకంటే లోపల, ఎవరికీ చెప్పుకోలేని బాధ ఇంకొకటుంది. ఈరోజు వాడు రాకపోతే ఇక ఎప్పటికీ రాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

మంగతాయారు ఉద్యోగం మార్గపాలకురాలు. సముద్రగర్భంలో చీమ కదిలినా సముద్రశ్రవణి అనే యంత్రం వింటుంది. కానీ యంత్రానికి వినపడనిది మనిషికి అనిపించవచ్చని, కేవలం అనుమానం మీద మూడు గంటలసేపు గొట్టం మూసే అధికారాన్ని చట్టం ఆరుగురు మార్గపాలకులకి ఇచ్చింది. కారణం చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ళలో ఆరుగురిలో ఎవరూ దాన్ని వాడలేదు. ఆ ఆజ్ఞ ఇవ్వడానికి వాడే కంకణం సెలవులో కూడా చేతికి ఉండాలి. ఇప్పుడది ఆమె చేతికి పసుపు గాజుల మధ్య ఉంది.

ఆమె చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి తలుపు వేసుకుంది. గొట్టంలో అప్పటికే ఉన్న శకటాలు ఆగకుండా బయటికి వచ్చేలా, కొత్తవి మాత్రమే ఆగేలా ఆజ్ఞ దిద్దుకుంది. రోగుల శకటం ఏదీ బయలుదేరడానికి లేదని రెండుసార్లు చూసుకుంది. తప్పు చేస్తున్నానని తెలిసే, కంకణం మీద వేలు ఆనించింది.

బయటికి వచ్చేసరికి పలక ముందు కలకలం. "సాగరమార్గం మూసివేత. మేనమామ మురహరి. పోర్ట్ బ్లెయిర్. రాలేరు."

రాలేరు. ఆ ఒక్క మాటతో మండపం మొహం మారిపోయింది. పాపం, సరిగ్గా ఇప్పుడే మూయాలా అన్నారు ఒకరు. ఆ మేనమామ ఎంత కొట్టుకుంటున్నాడో అన్నారు ఇంకొకరు. సుభాషిణి వచ్చి మంగతాయారు చెయ్యి పట్టుకుంది. చలపతి తలపాగా చుట్టుకుని గంప ఎత్తాడు. ధాత్రి నవ్వుతూ పీటల మీదికి వచ్చింది. జీలకర్ర, బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అన్నీ వేళకి జరిగాయి.

భోజనాల వేళ ఫోన్ మోగింది. మురహరి. ఎన్ని నెలలైందో తనంతట తాను ఫోన్ చేసి.

"అక్కా, బయలుదేరి స్టేషన్ దాకా వచ్చాను. తోవ మూసేశారు. ఏం చెయ్యను చెప్పు."

అతని వెనక కుక్కర్ కూత వినబడింది. స్టేషన్లో కుక్కర్లుండవు. ఆ కూత కూడా ఆమెకి ముద్దుగానే వినబడింది.

"అయ్యో, అంతదూరం వచ్చావా నాన్నా. నువ్వేం చేస్తావురా, సముద్రం అడ్డమైతే."

అతను ఏడ్చాడు. ఆమె ఏడ్చింది. ధాత్రిని చూపించమన్నాడు, చూపించింది. అచ్చం అమ్మలా ఉందన్నాడు. నీరజ వచ్చి, వదినా పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగి నవ్వించింది. రేవులో ఏడ్చిన రోజుల గురించి, ఓడ కదిలాక అతను విసిరేసిన చెప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఎవరికీ తొందర లేదు. విస్తరి ముందు కూర్చోకుండానే ఆమెకి కడుపు నిండిపోయింది.

మధ్యలో పాలనగది నుంచి ఫణీంద్ర పిలిచాడు. ఆమె కింద పనిచేసే కుర్రాడు, నెమ్మదస్థుడు. సముద్రశ్రవణికి కంపనం ఏదీ అందలేదని, గడువు ముగుస్తోందని, తెరవమంటారా అని అడిగాడు. ఇంకో మాట కూడా చెప్పాడు.

"ఒక విచిత్రం మేడమ్. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫోన్లు మాత్రం దీపావళి రోజుకంటే ఎక్కువ నడుస్తున్నాయి, ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ. మా అమ్మ కూడా పిన్నితో మాట్లాడుతోంది. రెండేళ్ళ తరవాత."

ఒక్క నిమిషం ఆగమని అతనికి చెప్పి, ఆమె మళ్ళీ తమ్ముడి దగ్గరికి వచ్చింది. ఆశ అనేది చెడ్డది.

"తోవ తెరుస్తున్నార్రా. అప్పగింతలు సాయంత్రం. వచ్చెయ్యి, చాలా టైముంది."

 అవతల నీరజ నవ్వు ఆగిపోయింది.

"నువ్వే మూశావు కదక్కా," అన్నాడు మురహరి.

"ఊఁ."

"నేను స్టేషన్‌కి రాలేదు."

"తెలుసు."

"రావాలనే ఉంటుందక్కా. చొక్కా కూడా వేసుకున్నాను. అన్నిసార్లు రానివాణ్ణి ఇప్పుడొస్తే, అప్పుడెందుకు రాలేదని అందరి కళ్ళూ అడుగుతాయి. నా వల్ల కాదు." అతని గొంతు తగ్గింది. "మళ్ళీ ఎప్పుడైనా మూస్తే ముందుగా చెప్పు. తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఫోన్ పెట్టేశాడు. మంగతాయారు కంకణం వైపు చూసింది. ఇంకో మూడు గంటలు మూయవచ్చు. రేపూ మూయవచ్చు, ఉద్యోగం పోయేదాకా. స్టేషన్లలో శకటాల కోసం నిలబడ్డవాళ్ళలో నిజంగా ఎవరి దగ్గరికో వెళ్ళాలని తొందరపడేవాళ్ళూ ఉంటారు. తెరిచెయ్యమని ఫణీంద్రతో చెప్పింది.

మండపంలో ఫోన్లలో మాట్లాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే "సరే మరి, ఉంటాను" అంటూ ముగించారు. పలక మళ్ళీ నిమిషాలు చూపించడం మొదలుపెట్టింది. సుభాషిణి పైవరస చదివి, మొహం చేటంత చేసుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"వదినగారూ, తోవ తెరిచారు. పాపం పొద్దుటి నుంచీ ఎంత ఆరాటపడి ఉంటారో మీ తమ్ముడు. ఆయన రాకుండా పిల్లని తీసుకెళ్తే మాకు బాగుంటుందా? మావాళ్ళందరికీ చెప్పేశాను. ఆయనొచ్చి చేతిలో చెయ్యి పెట్టాకే అప్పగింతలు. ఎంతసేపు, గంటంపావే కదా."

మగపెళ్ళివారు అప్పటికే కుర్చీలన్నీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుంటున్నారు. మేనమామకి ఎదురెళ్ళి నీళ్ళివ్వడానికి పెళ్ళికొడుకు చెంబు తెప్పించాడు. మంగతాయారు వాళ్ళ మధ్య ఒక కుర్చీలో కూర్చుంది.

"అవునండీ," అంది. "వచ్చేస్తాడు."