మిల్లు మలుపులో ఎత్తిన చెయ్యి

రబ్బరుకి చలి వేస్తుందా? చెప్పండి చూద్దాం. నవ్వకు రోన్యా... తిల్మాన్, నువ్వు చెప్పు. తెలీదా? సరే, వినండి. తెలిసినవాళ్ళూ మర్చిపోయే సంగతే ఇది.

ఊరికి దిగువన, పాత రంపపు మిల్లు దగ్గర రోడ్డు వంపు తిరుగుతుంది కదా, ఆ చోటుకి మంచి పేరు లేదు. ఏటా మొదటిసారి నీళ్ళు గడ్డకట్టే చలి పడిన రాత్రి అక్కడ ఒక ఆకారం కనిపిస్తుందంటారు. నడుం వంచుకుని... రోడ్డు మీద ఏదో విత్తుతూ ఉంటుందట. బండి దిగి చూస్తే ఎవరూ ఉండరట. పాలబండి ఆయన చూశాడు. ఉత్తరాలు పంచే ఆవిడ చూసింది.

కిందటేడు డీట్మార్ చూశాడు. టైర్ల షాపులో తన నోటితోనే చెబుతుంటే నేను పక్కనే కూర్చుని విన్నాను.

డీట్మార్ మన ఊరివాడే. పట్నంలో వంటింటి అల్మరాలు అమ్ముతాడు. వాళ్ళమ్మ లియోబా ఇక్కడే పై వీధిలో మంచాన పడి ఉండేది. అక్టోబరులో ఒక సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, అమ్మ నిన్నే అడుగుతోంది. తెల్లారేదాకా ఉండదంటున్నాడు డాక్టరు. వచ్చెయ్."

వెంటనే బయల్దేరాడు. పెద్ద ఎస్‌యూవీ, రెండున్నర టన్నుల బరువు. దానికి వెడల్పాటి సమ్మర్ టైర్లు, వేగం కోసం చేసినవి. వేసవిలో అవి రోడ్డుని జలగలా పట్టుకుంటాయి. ఏడు డిగ్రీల కిందికి చలి దిగిందా, ఆ మెత్తని రబ్బరు బిగుసుకుపోతుంది. ఇక పట్టు ఉండదు. అక్టోబరు నుంచి ఈస్టరు దాకా చలికాలపు టైర్లుండాలని మనవాళ్ళంతా అంటారు. అంటారే గాని, షాపులో తమ వంతు వచ్చినప్పుడే మారుస్తారు. డీట్మార్ వంతు వచ్చే గురువారం. అందరూ క్యాలెండరే చూస్తారు, థర్మామీటరు చూసేవాళ్ళేరీ?

ఏడు గంటలకే చీకటి పడిపోయింది. కనుమ దాటాడు... మిల్లు మలుపు వైపు దిగుతున్నాడు. దేవదారు చెట్ల మధ్య ఒక్క దీపం లేదు. అమ్మ చెయ్యి పట్టుకోవాలి, అంతే — మనసులో ఇంకేమీ లేదు. వేగం పెరిగింది.

అప్పుడు కనిపించాడు — రోడ్డు మధ్యలో ఒక మనిషి.

పొట్టిగా ఉన్నాడు. కోటు లేదు. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంది. కుడి చెయ్యి ఎత్తి, అరచెయ్యి చూపిస్తున్నాడు. ఆగు... అన్నట్టు.

డీట్మార్ బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. నాలుగు చక్రాలూ తోసే బండికి కదలడం సులువే పిల్లలూ; ఆగడానికి మాత్రం నాలుగు అరచేతులంత రబ్బరే దిక్కు. ఆ రబ్బరు రాయైపోయింది. జారుతోంది... మనిషి దగ్గరికొస్తున్నాడు... డీట్మార్ కళ్ళు మూసుకున్నాడు.

చక్రాల కింద ఏదో గరగరమంది. బండి ఆగింది. వాగు పక్క కడ్డీకి, బండి ముక్కుకి మధ్య జానెడు జాగా.

దిగి కేకలు వేశాడు. ఎవరూ లేరు. వంగి నేల తడిమాడు. మంచు మీద బూడిద. ఇంకా... వెచ్చగా ఉంది.

టైర్ల షాపు హూబర్ట్ ఇదంతా విని పగలబడి నవ్వాడు. "డాన్సు బూట్లేసుకుని కొండెక్కావు! దెయ్యానికే జాలేసి ఉంటుంది నీ మీద."

"నవ్వుకోరా. అమ్మ దగ్గరికి చేరాను. నన్ను గుర్తుపట్టింది. చేతులు చల్లగా ఉన్నాయిరా అంది. తెల్లవారుజామున పోయింది." అన్నాడు డీట్మార్. "ఆ మనిషి చెయ్యి ఎత్తకపోతే నేను వాగులో ఉండేవాణ్ణి."

హూబర్ట్ నవ్వు ఆపి, ఆ సమ్మర్ టైర్లు విప్పడం మొదలెట్టాడు.

బూడిద ఎవరు చల్లారో నాకు తెలుసు పిల్లలూ. నేనే. ఎవరైనా చూస్తే ముసల్దానికి పిచ్చి పట్టిందంటారని, బండి వెలుగు పడగానే మిల్లు గోడ వెనక్కి తప్పుకుంటాను.

ఎందుకంటావా రోన్యా? మీ తాతయ్య అక్కడే పోయాడని తెలుసుగా. ఎందుకు వెళ్ళాడో మీకెవరూ చెప్పలేదు. నా కళ్ళజోడు కింది ఊరి కాఫీ కొట్లో మర్చిపోయి వచ్చాను. "టైర్లు మార్చలేదు లీజెల్, పొద్దున్నే తెస్తాలే" అన్నాడు ఆయన. "అక్టోబరు మొదటివారమేగా, మంగళవారం మారుస్తారుగా, అంత పెద్ద బండికి ఏమవుతుంది?" అన్నాను నేను. ముప్ఫై నాలుగేళ్ళు సైన్సు చెప్పాను. రబ్బరు చలికి బిగుస్తుందని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో! ఆ సాయంత్రం ఒక్కసారి కిటికీ బయట థర్మామీటరు చూసి ఉంటే...

ఆయన కోటు కూడా వేసుకోలేదు. పది నిమిషాల్లో వచ్చేస్తానన్నాడు.

ఏంటి తిల్మాన్? చెయ్యి ఎత్తింది నేనేనా?

అదే మరి. నాకు రెండు చేతులూ బూడిద బకెట్టుకే సరిపోయాయి. పైగా నేను మలుపు చివర ఉన్నాను, డీట్మార్ చెప్పిన చోటు అక్కణ్ణించి అరవై అడుగులు ఎగువన. షాపులో ఆ ఎడమ భుజం మాట వినగానే గుర్తుపట్టాను, మీ తాతయ్య భుజమూ అలాగే వాలి ఉండేది. దెయ్యాలు లేవని మీ అమ్మకీ చెప్పాను, మీకూ చెప్పాను.

బయట రెండు డిగ్రీలే ఉంది. లేవాలి. పొయ్యిలో బూడిద సగమే తీశాను, కబుర్లలో పడి.

ఒక్కదాన్నే వెళ్తానా అంటావా?

వెళ్ళేటప్పుడు ఒక్కదాన్నే. పాలు చల్లారకముందే తాగండి... ఆ పార ఇలా ఇవ్వు.