తలూపుడు మాస్టరు

"బన్ను కావాలా?" అని అడగడమే మాస్టరు చేసిన నేరం.

కౌంటర్ అవతల నిలబడ్డ అమ్మాయి అతని పెదాల వైపే తేరిపార చూసి, సంచిలోంచి చిన్న పుస్తకం తీసి చకచకా రాసింది: "ఏ పన్ను? ముందుదా, దవడదా?"

ఆ బేకరీలో రొట్టెలు కాల్చే పాతికేళ్లవాణ్ని అందరూ మాస్టరనే పిలుస్తారు. అతనికి ముందు పన్ను ఒకటి లేదు. అందుకే తిక్కరేగింది.

"ఏంటండీ, వెటకారమా?"

ఆమె నవ్వుతూ మళ్లీ రాసింది: "నాకు వినపడదు. పెదాల మీద బన్ను, పన్ను, మన్ను మూడూ ఒకేలా ఉంటాయి. ఎదురు ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేస్తాను. అందుకని పన్నుకే ఓటేశాను. మన్ను కన్నా నయం కదా?"

మాస్టరుకి నవ్వాగలేదు. పన్ను లేని సందు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి కిందికి లాగేసి, "నోరు మూస్తే నాకు మాట వినపడదు," అని రాసింది.

ఆ చెయ్యి పట్టులోనే మాస్టరు పడిపోయాడు.

మర్నాటి నుంచి టీ టైంలో సైగల పాఠాలు. అతను పిండి చేతులతో సైగలు చేస్తే, "ముద్దముద్దగా మాట్లాడకు, కడుక్కునిరా!" అనేది. ఆమె బస్సెక్కాక కూడా కిటికీ అద్దంలోంచి కబుర్లు సాగేవి. పక్క సీటాయన "హలో, హలో" అని ఫోన్‌లో గొంతు చించుకుంటుంటే, "పాపం, సిగ్నల్ లేదు. మనకైతే చేతుల్లోనే!" అని కన్నుగీటేది.

ఆర్నెల్లకి భోజనానికి పిలిచింది. "మా ఇంట్లో ఎవరికీ వినపడదు. వినపడే అల్లుడొస్తే మా బల్ల దగ్గర మేమే బొమ్మలమైపోతామని నాన్న భయం. ఆయన వద్దంటే నేనూ వద్దంటాను."

ఆ ఇంట్లో బెల్లు నొక్కితే మోగలేదు, గదిలో లైట్లు మిణుకుమన్నాయి. అమ్మ, నాన్న, అన్నయ్య, ఆమె. ఎనిమిది చేతులు ఒక్కసారిగా కబుర్లలో పడేసరికి ఆర్నెల్ల చదువూ ఆవిరైపోయింది. వాళ్లు నవ్వితే నవ్వాడు, తనవైపు చూస్తే తలూపాడు.

నాన్నగారు గంభీరంగా ఏదో అడిగారు. ఊపాడు. మళ్లీ అడిగారు. ఇంకా గట్టిగా ఊపాడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏమడిగారు?" అన్నాడు ఆమెతో.

"మా పిల్లిని పెళ్లి చేసుకుంటావా అన్నారు. తర్వాత, రేపే చేసెయ్యమంటావా అన్నారు."

మాస్టరు ముఖం కందగడ్డయింది. తప్పుల తడక సైగలతోనే చెప్పేశాడు: "అరగంట నుంచి ఒక్క ముక్క అర్థం కాలేదండీ. సిగ్గేసి తలూపుతున్నాను."

నాన్నగారు ఈసారి నిదానంగా అన్నారు. "ఆఫీసులో, చుట్టాలిళ్లల్లో నలభై ఏళ్లుగా నేను చేస్తున్నదీ అదే బాబూ. వినపడేవాళ్లలో ఆ మాట ఒప్పుకున్నది నువ్వే మొదలు." తర్వాత పిడికిలి బిగించి, దాన్ని తలలా రెండుసార్లు ఊపారు.

"సైగల్లో అది నీ పేరు," అంది ఆమె, కళ్లు తుడుచుకుని. "మళ్లీ మళ్లీ రావాలని తను అనుకున్నవాళ్లకే నాన్న ఇలా పేరు పెడతారు."

అన్నయ్య అప్పుడే ఆ పేరుతో పిలిచి కూరగిన్నె అందుకోమంటున్నాడు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆమె ఒక్కొక్క సైగా విడదీసి అడిగింది: "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

మాస్టరు తలూపాడు.

"అర్థమయ్యే ఊపుతున్నావా?"

"ఇదొక్కటీ పూర్తిగా అర్థమైంది," అన్నాయి అతని చేతులు.